ఎనభై ఏడో రోజు

తెల్లరాళ్లపాడు శాఖా గ్రంథాలయంలో సాజిదా చేరిన రోజున పుస్తకాలన్నీ బీరువాల్లో ఉన్నాయి, బీరువాలన్నిటికీ తాళాలున్నాయి. పిడుగురాళ్లలో ఆమె తండ్రిది ఫ్యాన్సీ కొట్టు. గాజులైనా రిబ్బన్లయినా కంటికెదురుగా వేలాడితేనే కదులుతాయని పదేళ్ల వయసులోనే ఆమె చూసింది. మొదటి వారమే తాళాలు తీయించింది. పోటీ పరీక్షల పుస్తకాలు గుమ్మం పక్క బల్ల మీద పరిచింది. బొమ్మల కథలు పిల్లల చెయ్యి అందే అరలోకి దించింది. ఆదివారం పొద్దున ఆడవాళ్లని పిలిచి ఒక కథ చదివి వినిపించడం, మిగతా సగం ఇంటికి పట్టుకెళ్లి చదువుకోమనడం మొదలుపెట్టింది. సగంలో ఆపిన కథ సగం కట్టిన బేరం లాంటిది, మనిషిని మళ్లీ రప్పిస్తుంది. రోజుకు పదకొండు మంది వచ్చే చోటికి ముప్పై మంది రాసాగారు.

కానీ ముప్పై చాలదు. రోజుకు నలభైకి తగ్గిన శాఖలను పక్క ఊరి శాఖలో కలిపేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. సాజిదాది అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం. శాఖ పోతే ఆమె కూడా దాని వెంటే పోతుంది.

ఆ చిక్కుకు మందు అటెండర్ యోబు దగ్గర ఉంది. ఇరవై ఏళ్లుగా అక్కడే ఊడుస్తూ, పేపర్లు కుడుతూ ఉన్న మనిషి. "రిజిస్టరు పూడ్చుకోవాల మేడం" అన్నాడు. పూడ్చడమంటే, రోజూ వచ్చేవాళ్లలో ఆ రోజు రానివాళ్ల పేర్లు మూసే ముందు తామే రాసి, తామే సంతకాలు పెట్టడం. "ఎవుర్నో తెచ్చి రాయట్లేదుగా. రేపు ఎట్టా వచ్చేవాళ్లే. గుంత కనపడకుండా మట్టేస్తన్నాం, అంతే." ముందున్న లైబ్రేరియన్లంతా అలాగే పూడ్చారు. సాజిదా కూడా నెల తిరిగేసరికి పాతిక మంది సంతకాలు నేర్చుకుంది.

ఆ పని ఆమెకు రుచించలేదు. నిజంగానే జనం రావాలంటే ఏం చెయ్యాలని ఫోన్లో వెతకడం మొదలుపెట్టింది. పాఠకుల కోసం ఉన్న యాప్‌లు మూడు పరీక్షించి చూసింది. ఒకటి మొత్తం ఇంగ్లీషు. ఇంకొకటి రెండు వారాలు ఉచితమని చెప్పి ఏటీఎం కార్డు నంబరు అడిగింది. మూడోదాని పేరు చదువరి. ఎవరో కుర్రవాళ్లు తెలుగులో చేసి ఊరికే ఇస్తున్నారు. లైబ్రరీకి వచ్చిన మనిషి పేరు, వచ్చిన టైము, పోయిన టైము, చదివిన పుస్తకం, ఆగిన పేజీ అందులో ఎక్కించాలి. విడవకుండా ఎన్ని రోజులు వస్తే అంత వరస. సెలవు దినం శుక్రవారాన్ని లెక్కలోకి తీసుకోదు. వంద రోజుల వరస నిండితే ప్రశంసా పత్రం, ఫోటో. ఒక్క రోజు తప్పినా వరస తెగి సున్నా అవుతుంది, ఆ సంగతి శాఖ సభ్యులందరి ఫోన్లకూ టింగుమని పోతుంది, లైబ్రేరియన్ రాసిన కారణంతో సహా. ఒకసారి ఏడో తరగతి పిల్లవాడొకడు రాకపోతే, 'కారణం: విరేచనాలు' అని ఊరంతా చదివింది. వాడు వారం దాకా బడికి పోలేదు. ఆ తరువాత మాత్రం ఎవరూ వరస తెగనివ్వలేదు.

యాప్ చేసినవాళ్లు దొంగ హాజర్లకు మార్గం లేకుండా రెండు కట్టుబాట్లు పెట్టారు. అందులో రాయడం లైబ్రరీ కంప్యూటరులో తప్ప కుదరదు, సభ్యులు తమ ఫోన్లలో చూడగలరంతే. సాయంత్రం ఏడింటికి ఆ రోజు లెక్క మూసుకుంటుంది. తప్పు పడితే లైబ్రేరియన్ నాలుగు వారాల లోపు దిద్దవచ్చు. ఆ తరువాత ముద్ర పడిపోతుంది, ఎవరూ కదపలేరు.

ఆ వరసలో అందరికన్నా ముందున్న మనిషి పుల్లారావు. అరవై ఎనిమిదేళ్ల రైతు. భార్య లేదు, ఒక్కతే కూతురు హిమజ నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో నర్సు. రోజూ సాయంత్రం నాలుగూ పదికి వచ్చేవాడు. ఓడల మీద సముద్రాలు తిరిగినవాళ్ల గురించిన లావుపాటి పుస్తకం ఒకటి పట్టుకుని ఆరున్నర దాకా లేచేవాడు కాదు.

"బోరు ఐదొందల అడుగులు పోయినా తడి తగలని ఊళ్లో పుట్టి నాకీ సముద్రాల గోలేందంటావ్ సాజిదమ్మా?"

"దొరకనిదే కదా బాబాయ్ మనిషి చదివేది."

"ఎంతకొచ్చింది నా వరస?"

"ఎనభై ఆరు."

"ఎనభై ఆరు రోజులు విడవకుండా నేను ఏ పనీ చేసినోణ్ణి కాదే! మీ పిన్నితో కూడా ఇన్ని రోజులు వరసన మాట్టాళ్లా. నాలుగో రోజుకే అలిగేది." పెద్దగా నవ్వి, ఆగిన పేజీలో బస్సు టికెట్ పెట్టి, పుస్తకం మూసి లేచాడు. అది బుధవారం.

గురువారం నాడు ఆయన రాలేదు.

ఆరూ యాభైకి యోబు కిటికీలు వేస్తూ అన్నాడు. "పెద్దాయన రాలా మేడం. జొరమో ఏందో. పూడ్చేద్దామా?"

సాజిదా తూకం వేసుకుంది. ఒక పక్క, ఒక్క రోజు చిన్న అబద్ధం. రెండో పక్క, పద్నాలుగు రోజుల్లో నిండబోయే వంద, వంద నిండిన పాఠకుడున్న శాఖకు వచ్చే పేరు, వరస తెగిందన్న టింగుమనే చప్పుడు విని పిల్లకాయలు ఆ ముసలాయన్ని ఆటపట్టించడం. ఎటు చూసినా అబద్ధమే తేలిగ్గా ఉంది. రాక 4.10, పోక 6.30 అని ఎక్కించింది. పేజీ అడిగితే 212 తీసి 230 వేసింది. రోజుకు పద్దెనిమిది పేజీలు ఆయన మామూలు. కాగితం రిజిస్టరులో ఆయన సంతకం పెట్టింది, 'పు' కొమ్మును కొడవలిలా వంచి.

శుక్రవారం సెలవు. శనివారం పొద్దున ఎనిమిదికి ఆమె వచ్చేసరికి యోబు తాళం చేతిలో పట్టుకుని మెట్ల మీదే కూచుని ఉన్నాడు.

"పెద్దాయన పాత క్వారీ గుంతలో తేలాడంట మేడం" అన్నాడు. గొంతు తగ్గించి, "మనం గురువారం పూడ్చాం గందా" అన్నాడు.

*

తెల్లరాయి తవ్వి వదిలేసిన గుంత అది. వానాకాలం నీళ్లు అరవై అడుగులున్నాయి. మనిషి నీళ్లలో పడి రోజున్నర అయిందో రెండు రోజులైందో గట్టిగా చెప్పలేమని డాక్టర్లన్నారట. తల వెనక దెబ్బ ఉంది. రాయి తగిలి ఉండొచ్చు, కాకపోనూ వచ్చు.

ఎస్.ఐ. ఆదివారం వచ్చాడు. యాప్ చూసి ఫోటో తీసుకున్నాడు, రిజిస్టరు పేజీ కూడా తీసుకున్నాడు.

"గురువారం సాయంత్రం వచ్చాడా ఆయన?"

"రోజూ వస్తారండీ. నాలుగూ పదికి అటూ ఇటూగా."

అది అబద్ధం కాదు, జవాబూ కాదు. ఎస్.ఐ. మాత్రం జవాబుగానే రాసుకున్నాడు. గురువారం సాయంత్రం నాలుగూ పదికి వచ్చి ఆరున్నరకు వెళ్లినట్లు. "చదువుకుని సంతకం చెయ్యండి మేడం" అన్నాడు. ఊరందరినీ చదవమని వెంటపడే మనిషి ఆ కాగితం చదవకుండానే సంతకం చేసింది. కాలు జారి పడ్డ ముసలాయనకు టైముతో పనేముంది? నిజం చెబితే రెండేళ్ల దొంగ సంతకాలు బయటికొస్తాయి, ఉద్యోగం పోతుంది, పోయిన మనిషి తిరిగి రాడు. అప్పటికి ఆమెకు తోచిన లెక్క అది.

ఆ లెక్క తప్పని మంగళవారం తెలిసింది. మనోజ్ వచ్చాడు. పుల్లారావు తమ్ముడి కొడుకు. క్వారీ అతనిదే. తెల్లచొక్కా, మెత్తటి మాట, చేతిలో స్వీట్ల డబ్బా లేదుగానీ అలాంటి మర్యాదే మొహంలో.

"అక్కా, మీకు దణ్ణం పెట్టి పోదామని వచ్చా" అన్నాడు. "ఊళ్లో నోళ్లు ఎట్టాంటియ్యో మీకు తెలవంది కాదు. గురువారం పొద్దున తొమ్మిదింటికి పెదనాన్నని నా బండి మీద ఎక్కించుకుని పొలం గట్టు చూపిచ్చడానికి పోయింది నిజమే. ఆ నాలుగెకరాలు క్వారీకి ఇమ్మని అడిగిందీ నిజమే. ఇవ్వనన్నాడు. సర్లే పెద్దాయన అని అక్కడే దించేసి, మా బావమరిది ఎంగేజ్‌మెంటని నరసరావుపేట పోయా. మధ్యాన్నం పన్నెండు నుంచి మర్నాటి పొద్దుటిదాకా ఐదొందల మంది నన్ను చూశారు. వీడియో ఉంది. అయినా మా హిమజ నా మీదే ఏలు పెడతంది. వరసకి చెల్లెలు కదా, ఏమనగలం? అదృష్టం, సాయంత్రం నాలుగింటికి పెదనాన్న మీ కాడ కూచుని చదువుకుంటన్నాడు. మీరు ఆయన వరస తెగకుండా రాశారు చూశారా, దాంతో మా వరస కూడా నిలబడింది."

తొమ్మిదింటికి బండి ఎక్కిన మనిషి నాలుగింటికి లైబ్రరీకి రాలేదని గట్టిగా చెప్పగలవాళ్లు ఈ భూమ్మీద ముగ్గురో నలుగురో ఉన్నారు. అందులో ఆమె ఒకతె. తన ఎదురుగా నిలబడి దణ్ణం పెడుతున్న మనిషి ఇంకొకడు. అతనికి తెలుసని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని అతనికీ తెలుసు. అందుకే వచ్చాడు.

"ఒకటి అడుగుతా ఏమనుకోమాక అక్కా. ఆ యాప్‌లో రాసింది మళ్లీ మార్చటం కుదిరిద్దా?"

"నాలుగు వారాల్లోపు కుదురుతుంది" అంది ఆమె. చెప్పేశాక, చెప్పకుండా ఉండాల్సిందని తోచింది.

"నాలుగు వారాలు" అన్నాడు మనోజ్, మార్కెట్లో ధర విన్న మనిషిలా తలూపి. "మంచిది. మా వోళ్లకి చదువు అలవాటు చేపిద్దామనుకుంటన్నా. మెంబర్లుగా చేర్చుకో."

*

మర్నాడు పొద్దున నలభై మంది వచ్చారు. క్వారీలో రాయి కొట్టేవాళ్లు, లారీల మీద పోయేవాళ్లు. చెప్పుల నిండా తెల్లదుమ్ము. వరసగా సంతకాలు చేసి, వరసగా కుర్చీల్లో కూచుని, చేతికందిన పుస్తకం తెరిచారు. పేజీ తిప్పేవాళ్లే తప్ప చదివేవాళ్లు కారు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. వాళ్లకు పెద్ద కోటయ్యనే మేస్త్రీ. సాజిదా కంప్యూటరు బల్లకు పక్కగా, తెర కనిపించే చోట కుర్చీ వేసుకున్నాడు. సోవియట్ కాలం నాటి ఏదో ఇంజనీరింగు పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడు. రెండో రోజు ఆమే లేచి వెళ్లి సరిగ్గా తిప్పి ఇచ్చింది.

"ఎటు పట్టుకున్నా మాకు ఒకటేలే అమ్మాయ్" అన్నాడు కోటయ్య. నవ్వలేదు.

వారం తిరిగేసరికి రెండు కొత్త ఫ్యాన్లు వచ్చాయి. చల్లనీళ్ల మిషను వచ్చింది. యోబును మనోజ్ రెట్టింపు జీతానికి క్వారీ వాచ్‌మన్‌గా తీసుకున్నాడు. పోయేముందు యోబు ఆమె మొహం చూడలేదు. పాఠకుల సగటు ఎనభై దాటిందని, ఉత్తమ శాఖ కింద పేరు పంపుతున్నామని పైనుంచి ఫోను వచ్చింది. రెండేళ్లుగా ఆమె ఏ ఒక్కదాని కోసం ఇన్ని తంటాలు పడిందో అది అడక్కుండా వచ్చి ఒళ్లో పడింది. ఆదివారం కథ వినడానికి మాత్రం ఒక్క ఆడమనిషీ రాలేదు. పిల్లలు గుమ్మం దాకా వచ్చి, ఆ నలభై తలలూ చూసి వెనక్కి పోతున్నారు. సొంత కూతురు జెబా ఒక్కతే, ఎనిమిదో తరగతి పిల్ల, వరస పోతుందన్న పట్టుదలతో రోజూ బడి నుంచి నేరుగా వచ్చి గంట కూచునేది.

వాళ్లు రావడం మొదలైన మూడో వారం, సోమవారం సాయంత్రం హిమజ వచ్చింది. ఆసుపత్రి యూనిఫాం మీదే వచ్చినట్టుంది. కళ్ల కింద నల్లగా ఉంది.

"అక్కా, నాన్నని చివర చూసింది మీరే అంట గదా" అంది. "ఎట్టున్నాడు? ఏమన్నా అన్నాడా?"

కోటయ్య పేజీ తిప్పాడు.

"మామూలుగానే ఉన్నారమ్మా" అంది సాజిదా.

"ఆయన చదివే పుస్తకం ఒకసారి చూడొచ్చా?"

సాజిదా అరలోంచి తెచ్చి ఇచ్చింది. హిమజ తెరిచింది. బస్సు టికెట్ ఉన్న చోట తెరుచుకుంది. చాలాసేపు ఆ పేజీ వంక చూసి, తన ఫోన్ తీసి చూసింది. యాప్‌లో తండ్రి పేరు ఎదురుగా 'వరస 87, ఆగిన పేజీ 230' అని ఉంది. పుస్తకంలో టికెట్ ఉన్నది 212 దగ్గర. టికెట్ మీద తేదీ బుధవారం.

ఆ అమ్మాయి కేక వేయలేదు. గొంతు ఇంకా తగ్గించింది. "మా నాన్న పంచాంగం చూసినా చూసిన కాడ గుర్తు పెట్టకుండా మూయడు అక్కా. స్టేషనుకి పోయినప్పుడల్లా ఒకటే మాట చెప్తన్నారు నాకు. నాలుగింటికి లైబ్రరీలో ఉన్నాడు కదమ్మా, ఇంక నువ్వనేదేంది అని." పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. "నేను మిమ్మల్ని ఏమీ అడగట్లా. మీకూ ఒక పిల్ల ఉంది, చూశా."

ఆమె వెళ్లిన అరగంటకు మనోజ్ వచ్చాడు.

"చెల్లెలు వచ్చిందంట. పాపం, బాధలో ఉంది." ఫోన్ తీసి బొటనవేలితో పైకి తోశాడు. "మీ జెబా వరస ముప్పై రెండంట గదక్కా! నా ఫోన్లో కూడా వస్తది. నాలుగున్నరకి వచ్చిద్ది, ఐదున్నరకి పోయిద్ది. ఒక్క రోజు నిమిషం తేడా లేదు. ఇంటికి పోయే దారి మా లారీలు తిరిగే దారే. డ్రైవర్లకి చెప్పా, పిల్ల కనపడితే నెమ్మదిగా పోనీమని."

తండ్రి కొట్టులా ఈ లైబ్రరీ తలుపులు తానే తీసింది. ఎవరు ఎప్పుడు వస్తారో, ఎప్పుడు పోతారో, అందరికీ కనబడేట్టు గుమ్మంలో వేలాడదీసింది కూడా తానే.

*

సాజిదా భర్త ఫరీద్ లారీ మెకానిక్కు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు. మనోజ్ లారీలన్నీ ఇప్పుడు అక్కడికే వస్తున్నాయి. మర్నాడు మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు సాజిదా అంతా చెప్పింది. అతను ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

"నువ్వు నోటితో చెప్పిందేమీ లేదుగా ఏమే? గురువారానికి నాలుగు వారాలైద్ది, అందాకా ఓపిక పట్టు. ఆ మిషన్‌లో ముద్ర పడిపోయిద్ది. వాడి భయం తీరిపోయిద్ది. మన దారిన మనం బతుకుతాం."

"ముద్ర పడ్డాక వాడికి భయం ఎక్కడ మిగుల్తుందో చెప్పు."

"ఎక్కడ?"

"నాలో. యోబులో."

ఆ మాట చెప్పిన సాయంత్రమే కబురు వచ్చింది. క్వారీలో లారీ వెనక్కి తీస్తుంటే వాచ్‌మన్ యోబు కింద పడ్డాడని, ప్రాణం ఆసుపత్రి దాకా ఆగలేదని. ఆ లారీకి బ్రేకులు పోయాయట. ఫరీద్ ఇంటికొచ్చి చేతులు కడుక్కోకుండానే గోడకు ఆనుకుని కూలబడ్డాడు. చేతుల గ్రీజు గోడకు అంటుకుంది.

"ఆ బండి బ్రేకులు ఆదివారమే నేను బిగించా సాజిదా" అన్నాడు. "నా చేత్తో. అవి పోయే బ్రేకులు కాదు."

మనోజ్ వైపువాళ్లు కాక, ఆ గురువారం సంగతి సాక్ష్యంగా చెప్పగలవాళ్లు ఇద్దరుండేవారు. ఇప్పుడు ఒకరున్నారు. సాజిదా ఇంకో రెండు రోజులు ముందుకు లెక్క కట్టి చూసింది. మౌనంగా ఉంటే ప్రాణానికి భద్రం అనుకుంది ఇన్నాళ్లూ. అది తప్పుడు తూకం. ఒక్కరి నోట్లో ఉన్న మాటకే కాపలా పెట్టగలరు, ఒక్కరి నోరే మూయగలరు. ఊరంతటి దగ్గరా ఉన్న సరుకును ఎవరు దాచగలరు? అప్పుడిక ఆమెను లేకుండా చేస్తే వాడికి ఒరిగేదేమీ ఉండదు, మీద పడేది తప్ప. అంతకన్నా గట్టి భద్రం ఆమెకు ఈ ఊళ్లో దొరకదు. అదీ పూర్తి భద్రం కాదు. కోపానికి లెక్కలు తెలియవు.

ఇవన్నీ తీసేసినా ఇంకొకటి మిగిలింది. ఎనభై ఆరు రోజులు వచ్చిన మనిషికి ఎనభై ఏడో రోజు ఆమె అంటగట్టింది. ఆ ఒక్క రోజు ఆయనది కాదు. దాన్ని వెనక్కి తీసుకోవాలి.

గురువారం పొద్దున ఏడింటికే జెబాను మాచర్ల బస్సు ఎక్కించింది, అక్క నజీమా దగ్గరికి. పిల్ల బస్సు కిటికీలోంచి మొత్తుకుంది. "అమ్మీ! నా వరస పోయిద్ది! ముప్పై ఐదు!"

"పోనీ" అంది సాజిదా.

తరువాత లైబ్రరీ తెరిచి, ఎవరూ రాకముందే సముద్రాల పుస్తకం హిమజ పేరు మీద రాసి, టికెట్ ముక్కతో సహా సంచిలో పెట్టి, నరసరావుపేట పోయే బస్సు కండక్టరు చేతికిచ్చింది. ఊళ్లోనే పెరిగిన మనిషి అతను, హిమజతో చదువుకున్నాడు. ఆ నాటి పేజీ ఉన్న రిజిస్టరు మాత్రం బల్ల మీదే ఉంచింది. అది కనబడకపోతే కోటయ్యకు వెంటనే తెలుస్తుంది.

*

సాయంత్రం నాలుగింటికి నలభై మందీ వచ్చారు. నాలుగున్నర అయింది, ముప్పావు అయింది.

"పాప రాలేదే ఇయ్యాల?" అన్నాడు కోటయ్య.

"జొరం."

"అయ్యో. వరస పోయిద్ది గదా."

"పోతుంది."

ఐదు. ఐదున్నర. బయట సున్నపు బట్టీల పొగ రోడ్డు మీదికి దిగింది. క్వారీలో సాయంత్రం పేలుళ్లు రెండు వినిపించాయి, కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఆరింటికి మనోజ్ జీపు వచ్చి మెట్ల ఎదురుగా ఆగింది. అతను దిగలేదు. అద్దం దించి, సీటు వెనక్కి వాల్చుకుని కూచున్నాడు, సినిమా ఆఖరి రీలు చూసే మనిషిలా.

ఆరూ పావుకు సాజిదా చదువరి తెరిచింది.

"ఏం కొడతన్నావ్ అమ్మాయ్?"

"హాజరు. ఏడింటిలోపు ఎక్కించాలిగా మామా."

కోటయ్య మెడ సాచి చూశాడు. నిజంగా హాజరే. ఒక్కొక్క పేరూ, వచ్చిన టైమూ, చేతిలోని పుస్తకమూ ఆమె తాపీగా ఎక్కిస్తూ పోయింది. నలభై పేర్లు. ఆ రోజు ఈ హాల్లో ఎవరెవరున్నారో, ఎప్పటినుంచున్నారో, తిరుగులేకుండా పడింది. అన్నీ నిజమైనవే. రెండేళ్లలో మొదటిసారి ఆమె ఒక్క పేరు కూడా పూడ్చలేదు. చివరి పేరు కోటయ్యది. తన పేరు తెర మీద పడడం చూసి అతను వెనక్కి వాలి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు లేకపోతే అతనికి గోడ మీద గడియారం కూడా కనబడదని ఆమె మూడు వారాలుగా చూస్తూనే ఉంది.

నాలుగు వారాల కిందటి పాత తేదీ తెరిచింది. గురువారం. పుల్లారావు. 'దిద్దుబాటు' నొక్కింది. హాజరు తీసేసింది. 'ఈ మార్పు వల్ల పాఠకుడి వరస తెగుతుంది. సభ్యులందరికీ తెలియజేయబడుతుంది. కారణం రాయండి' అని అడిగింది. ఏం రాయాలో ఆమె రెండు రోజులుగా మనసులో రాసుకుంటూనే ఉంది.

కోటయ్య కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"మళ్లా ఏందది?"

ఆమె నొక్కింది.

ఒక క్షణం ఏమీ కాలేదు. తలపైన మనోజ్ ఇప్పించిన ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో మూల కుర్చీలో ఒక జేబు టింగుమంది. దాని పక్కది. తరువాత వరసగా బల్ల వెంట బల్ల, జేబు వెంట జేబు మోగుతూ వచ్చాయి. ఈ హాల్లో నలభై. ఊళ్లో, బళ్లో, అరుగుల మీద, నరసరావుపేట ఆసుపత్రి వార్డులో, ఇంకో రెండు వందల డెబ్భై. బయట జీపులో ఒకటి.

చొక్కా జేబుల్లోంచి ఫోన్లు తీశారు. తలలు వంచారు. పెదవులు కదుపుతూ కొందరు, పక్కవాడి చేత చెప్పించుకుంటూ కొందరు. మూడు వారాలుగా అక్కడ కూచున్నవాళ్లు మొదటిసారి నిజంగా చదివారు.

'పుల్లారావు గారి వరస 86 దగ్గర తెగింది. కారణం: ఆ గురువారం సాయంత్రం ఆయన లైబ్రరీకి రాలేదు. ఆ సంతకం నేను పెట్టాను. యోబుకు కూడా తెలుసు. – సాజిదా, లైబ్రేరియన్.'

జీపు తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. చెప్పుల కింద కంకర నలిగింది. ఒక మెట్టు, రెండో మెట్టు. కోటయ్య మెల్లగా లేచి నిలబడ్డాడు. అతని వెనక కుర్చీలు ఒక్కొక్కటే నేల మీద గీరుకున్నాయి. ఆ లేచినవాళ్లు ఎటు లేచారో, ఆమె మీదికో, గుమ్మం వైపుకో, వాళ్ల మొహాలు చూస్తే ఇంకా తెలియడం లేదు. చివరి వరసలో ఒకడు, యోబు పక్కింటివాడు, ఫోన్ లోంచి తల ఎత్తనేలేదు.

గడియారం ఆరూ నలభై రెండు చూపిస్తోంది. సాజిదా రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి, వాళ్ల వైపు తిప్పి పెట్టింది.

"పోయే టైము రాసి, ఎవరి సంతకం వాళ్లే పెట్టి పొండి" అంది.